ఒక సమాధికి ఒకే దీపం

మఠం
12 అక్టోబరు 2025

మరిది లెషెక్‌కి,

నీ నుంచి కబురు లేక నాలుగు నెలలు దాటింది. ఉత్తరం రాయడం నీకు ఎప్పుడూ బరువే. బొజెనా ఉన్నప్పుడు తన ఉత్తరం చివర "లెషెక్ నిన్ను అడిగానని చెప్పమన్నాడక్కా" అని రాసేది. అదే నీ వాటా. ఇప్పుడు ఆ ఒక్క ముక్క రాసే మనిషి కూడా లేదు కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను.

మేం పదకొండు మందిమీ క్షేమం. మా మఠానికి కూడా మున్సిపాలిటీ వాళ్ళు అయిదు రంగుల డబ్బాలు పంపారు. సిస్టర్ కునెగుండా వాడేసిన టీ సంచీ ఒకటి వేళ్ళ మధ్య వేలాడదీసుకుని డబ్బాల ముందు నిలబడింది. "ఆకు గోధుమరంగు డబ్బాకి, కాగితం నీలం డబ్బాకి, మరి ఈ దారం ఎక్కడికి తల్లీ? దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడు. దీన్ని విడదీయడానికి మాకు ఎన్ని రోజులు పడుతుంది?" అంది. అది మాట్లాడకూడని వేళ. అందరం నవ్వాం. మదర్ కూడా నవ్వి, ఆ తరవాత అందరికీ ప్రాయశ్చిత్తం విధించారు. ఈ సంగతి బొజెనాకి రాయాలని కాగితం తీసుకున్నాక గుర్తొచ్చింది.

అది చివరి ఉత్తరంలో కూడా తన జబ్బు గురించి రెండు వాక్యాలు, మీ చెత్త ఏరే షెడ్డు గురించి రెండు పేజీలు రాసింది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక రోడ్డున పడ్డ ఎనిమిది మంది ఆడవాళ్ళను తెచ్చి చెత్త కదిలే ఆ బెల్టు ముందు నిలబెట్టింది కదా. "నా తరవాత కూడా షెడ్డు తలుపు తెరిచే ఉంటుందని లెషెక్ మాటిచ్చాడక్కా" అని రాసింది. తెరిచే ఉందా?

ఇంకొక్కటి. నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగ, సమాధుల మీద దీపాలు పెట్టే రోజు. బొజెనాకి సమాధిలో ఇది మొదటి పండుగ. ఈ గోడ దాటి నేను అంత్యక్రియలకే రాలేదు, ఇప్పుడూ రాలేను. నువ్వు పెట్టే దీపం పక్కన నా పేరుతో ఇంకొకటి వెలిగించు. ఎర్ర గాజుది. చిన్నప్పుడు అమ్మ సమాధి మీద మేమిద్దరం ఎర్రవే పెట్టేవాళ్ళం. నేను అడిగేది అంతే.

నీ వదిన,
లుద్మీలా
(ఇక్కడ సిస్టర్ బెనిగ్నా)


జలెస్నో
19 అక్టోబరు 2025

వదినగారికి,

ఉత్తరం అందింది. క్షేమం.

షెడ్డు తెరిచే ఉంది. డిసెంబరు ఆఖరు దాకా ఉంటుంది. ఆ తరవాతి సంగతి ఒక అంకె మీద ఆధారపడి ఉంది.

ఊళ్ళో పుట్టే ప్రతి నూరు కిలోల చెత్తలో ఈ ఏడు యాభై అయిదు కిలోలు మళ్ళీ వాడకంలోకి పోవాలని చట్టం. సీసాలు, డబ్బాలు, అట్టలు, ప్లాస్టిక్ పొట్లాలు. సెప్టెంబరు చివరికి మేం యాభై నాలుగు దాటాం. యాభై అయిదు అందలేదు. అందకపోతే ఊరికి జరిమానా. మేయర్ కొరిత్కో నన్ను పిలిచి చెప్పాడు: "లెషెక్ గారూ, నాకు మనసుంది. జరిమానాకి బడ్జెట్ లేదు. అంకె అందకపోతే పని మొత్తం నగరం కంపెనీకి ఇచ్చేస్తాను. వాళ్ళకి మీ షెడ్డు అక్కర్లేదు." ఆయన చెడ్డవాడేం కాదు.

ఈ నెల నుంచి ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు దుకాణాలే వెనక్కి తీసుకుంటున్నాయి. ఇళ్ళ నుంచి ప్లాస్టిక్ వచ్చే పసుపు సంచుల్లో మంచి సరుకు తగ్గిపోయింది. మిగిలేవి పెరుగు కప్పులు, జిగురు పట్టిన కవర్లు. బెల్టు దగ్గర గెనియా "ఇంజనీరు గారూ, మీగడ వాళ్ళు తీసుకుని గిన్నె మనకి నాకమని ఇచ్చారు" అంటుంది. గెనియా మీకు తెలుసు. బొజెనా తరవాత షెడ్డు చూసుకుంటున్నది ఆమే.

దీపాల సంగతి. పోయినేడు సమాధుల పండుగకి మా శ్మశానం ఒక్కటే పదిహేను రోజుల్లో అరవై టన్నులు ఇచ్చింది. దీపాలు, చామంతి కుండీలు, రిబ్బన్లు. అదంతా చెత్త పూడ్చే గుంటకే పోతుంది. కానీ ఊరి చెత్త బరువులో కలుస్తుంది. మా అంకెను కిందికి లాగుతుంది. అందుకని ఈసారి శ్మశానం గేటుకి, మున్సిపాలిటీ ఇంజనీరుగా నా సంతకంతో కాగితం అంటించాను. ఒక సమాధికి ఒకే దీపం.

మొదట నేను పాటించాలి. ఒకటే పెడతాను. ఎర్రదే. ఇద్దరి తరఫునా అనుకోండి.

లెషెక్


మఠం
6 నవంబరు 2025

లెషెక్‌కి,

తెయోఫీలా పెద్దమ్మ రాసింది. ఆవిడ జపమాల సంఘం పెద్ద. ఊళ్ళో ఎవరి సమాధి మీద ఏముందో గుడ్డిగా తడిమి చెప్పగలదు. ఆవిడ మాటే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అటు నోవిత్స్కీ వాళ్ళ ముసలాయనకి ఇరవై ఆరు దీపాలు. బతికుండగా ఆ ఇంట్లో ఎవరూ ఆయనకి అన్నం పెట్టింది లేదు. ఇటు ఎవరికీ పట్టని ఆ పోస్టుమాన్‌కి కూడా పదకొండు. మధ్యలో మన బొజెంకా. ఒకటే దీపం, ఒకటే కుండీ. అనాథలా ఉందే తల్లీ. ఏమయ్యా లెషెక్, ఇంకొకటి పెట్టకూడదా అంటే, కాగితం చదవలేదా పెద్దమ్మా అన్నాడు. భార్య సమాధి దగ్గర నిలబడి కాగితం చదవమంటాడేంటే!"

నీ కాగితాన్ని నువ్వు తప్ప ఊళ్ళో ఎవరూ పాటించలేదన్నమాట. మీ అంకెకి నా చెల్లెలు ఒక్కతే ఉపయోగపడింది. బతికుండగా పదకొండేళ్ళు ఆ చెత్తకే చాకిరీ చేసింది. పోయాక కూడా దాన్ని మున్సిపాలిటీ పనిలోనే ఉంచావు.

నేను అడిగింది ఒక్క దీపం. నా దగ్గర ఇంకేమీ లేదు లెషెక్. ఈ గోడల మధ్య నాది అనేది ఒక చెంచా కూడా లేదు. మదర్ అనుమతితో నెలకో ఉత్తరం, అంతే. ఆ ఉత్తరంతో నేను అడిగింది నువ్వు తూచి చూసి బరువెక్కువైందన్నావు.

ఇలా రాసినందుకు ఫాదర్ ముందు పాపసంకీర్తనంలో ఒప్పుకుంటాను. అయినా రాసింది కొట్టివేయను.

లుద్మీలా


జలెస్నో
12 నవంబరు 2025

వదినగారికి,

తెయోఫీలా పెద్దమ్మ రాసింది నిజమే.

గేటు దగ్గర ఆ రోజు నేనే నిలబడ్డాను. అందరూ కాగితం చదివారు. చదివి నవ్వారు. నోవిత్స్కీ కోడలు అంది: "ఇంజనీరు గారూ, మా మామగారికి దేవుడి ముందు అంత వెలుగు అవసరమండీ, ఆయన చేసినవి అలాంటివి." రెండు చేతుల్లో సంచులు.

కొందరు విన్నారు. ఇంకా తూచలేదు కానీ కంటికి పోయినేటి మీద మూడో వంతు తగ్గినట్టుంది. ఆ కొందరు విన్నది మా సమాధి మీద ఒకటే ఉండటం చూసి. రెండు ఉంటే ఆ కాగితం చించేసేవారు.

ఆ దీపాల్లో గాజు ఒక్కటే పది పన్నెండు టన్నులు ఉంటుంది. అదంతా గాజు కుప్పలో ఉండి ఉంటే ఈ ఏడు మాకు ఈ తిప్పలే లేవు. షెడ్డుకి భయమే లేదు. గుంటకి పోతుంది.

బొజెనాని పనిలో ఉంచానన్నారు. ఆ పని తప్ప నా దగ్గర ఆమెది ఇంకేమీ మిగల్లేదు. బట్టలు మీరు చెప్పినట్టే చర్చికి ఇచ్చేశాను.

దీపం మూడు రోజులు వెలిగింది. నాలుగో రోజు ఉదయానికి ఆరిపోయింది.

లెషెక్


మఠం
24 నవంబరు 2025

మరిది లెషెక్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగో రోజు ఉదయం ఆరిపోయిందని నీకు తెలిసిందంటే నాలుగు రోజులూ ఉదయాన్నే వెళ్ళావన్నమాట. అది తెయోఫీలా పెద్దమ్మ రాయలేదు. నా నోటిదురుసుకు నన్ను క్షమించు.

ముప్పయ్యో తారీకు నుంచి ఆగమన కాలం, అందుకని మదర్ ఈ నెల రెండు ఉత్తరాలు అదనంగా రాయనిచ్చారు. నీకు తెలుసుగా, క్రిస్మస్ దాకా మేం ఉత్తరాలు రాయం, వచ్చినవి తెరవం. మదర్ తన మేజా సొరుగులో పెట్టి క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అప్పం విరిచాక పంచుతారు. కాబట్టి ఈ నెల రోజులూ నువ్వు నన్ను ఎంత తిట్టినా నాకు వినపడదు.

నాకు లెక్కలు రావు. కానీ నీ ఉత్తరంలో ఒక మాట నా మనసులో నాటుకుపోయింది. బొజెనా కోసం నేను దీపం అడిగాను కానీ, దానికి నిజంగా కావలసింది ఆ షెడ్డు తలుపు. దీపం అడిగిన నోటితో తలుపు సంగతి పట్టించుకోలేదు. అందుకని నీకు క్రిస్మస్ కానుక ఒకటి ఏర్పాటు చేశాను. అది పోస్టులో రాదు. నీ ఊళ్ళోనే నీకు అందుతుంది. తెయోఫీలా పెద్దమ్మకి అన్నీ వివరంగా రాశాను. నీకు ముందే చెప్పొద్దని కూడా రాశాను. ఆవిడ చెప్పకుండా ఉండటమే ఇందులో పెద్ద అద్భుతం.

సిస్టర్ కునెగుండా టీ సంచీ సమస్య పరిష్కరించింది. టీ మానేసింది.

బొజెనా పుట్టినరోజు తొమ్మిదో తారీకు. ఆ రోజు ఇక్కడ పూజలో పేరు చదివిస్తాను. నువ్వు ఒక్క రోజు సెలవు పెట్టు.

నీ వదిన,
లుద్మీలా


జలెస్నో
3 డిసెంబరు 2025

వదినగారికి,

ఇది మీరు క్రిస్మస్‌కి చదువుతారని తెలిసే రాస్తున్నాను.

నవంబరు లెక్క వచ్చింది. 54.6. షెడ్డులో గాజు పోసే అర నిండుతోంది. తొమ్మిదో తారీకున ఇరవై రెండు టన్నుల లారీ గాజు కర్మాగారానికి వెళ్తుంది. వాళ్ళు తూచి చీటీ ఇస్తే 55.3. డిసెంబరులో ఇంకేం జరిగినా అంతకంటే కిందికి పోదు. మేయర్‌కి చెప్పాను. "లెషెక్ గారూ, ఆ చీటీ నా మేజా మీద పెట్టండి, మీ షెడ్డుని నేనే ముద్దు పెట్టుకుంటాను" అన్నాడు. గెనియాకి చెప్పాను. చేతి తొడుగులు తీసి ముక్కు తుడుచుకుంది.

మీ కానుక ఇంకా అందలేదు. తెయోఫీలా పెద్దమ్మ దారిలో కనిపిస్తే నవ్వి తల తిప్పుకుంటోంది. రేగు పండ్ల జామ్ అయి ఉంటుందని నా ఊహ. ఆవిడ సంఘం వాళ్ళంతా ఈ వారం చేతి బళ్ళు వేసుకుని తిరుగుతున్నారు. శ్మశానం శుభ్రం చేస్తున్నారట. మంచిదే.

తొమ్మిదిన సెలవు పెట్టాను. మీరు చెప్పారని.

లెషెక్


జలెస్నో
12 డిసెంబరు 2025

వదినగారికి,

లారీ వెనక్కి వచ్చింది.

నిన్న పొద్దున తొమ్మిదింటికి గేటు ముందు నిలబడి ఉంది. డ్రైవరు దిగుతూనే అరిచాడు: "ఇంజనీరు గారూ, గాజు పంపమంటే శ్మశానం పంపారేంటండీ!" నేను నమ్మలేదు. వెనక తలుపు తీశాడు. సీసాల మధ్య సమాధి దీపాలు. వందలు, వేలు. రేకు మూతలు, అడుగున గడ్డకట్టిన మైనం, ప్లాస్టిక్ శిలువలు. బ్యాటరీ దీపాలు కొన్ని ఇంకా ఆరలేదు. పట్టపగలు కుప్పలో అక్కడక్కడా ఎర్రగా మిణుకుమంటున్నాయి.

మైనం, లోహం, బ్యాటరీ. కొలిమిలో ఏది పడినా గాజు పాడవుతుంది. పైనుంచి రెండు పారల సరుకు తీసి చూశారట. చీటీ మీద ఒకే మాట రాశారు. తిరస్కరించడమైనది. ఇరవై రెండు టన్నులూ.

ఎవరో ఊళ్ళో గాజు సీసాలు వేసే ఆకుపచ్చ డబ్బాలన్నిటిలోకీ దీపాలు తెచ్చి పోశారు. గాజు బెల్టు మీదికి రాదు. డబ్బా నుంచి అరలోకి, అరలోంచి లారీలోకి. అందుకే ఆడవాళ్ళ కంట పడలేదు. గెనియా కుప్ప ముందు నిలబడి అంది: "మా ఆయన తాగి పారేసిన సీసాలు ఇరవై ఏళ్ళు ఏరాను ఇంజనీరు గారూ. ఇంత పని వాడు కూడా చెయ్యలేదు." మిగతా ఏడుగురూ నవ్వారు. తరవాత ఒకతి ఏడ్చింది.

చేసినవాళ్ళకి చదువు లేదనుకోవాలా? డబ్బా మీద బొమ్మతో సహా రాసి ఉంది. బుద్ధి లేదనుకోవాలి. లేదా నా కాగితం మీద కక్ష. ఎవరైనా సరే, ఎనిమిది కుటుంబాల నోట్లో మట్టి కొట్టారు. బొజెనాని రెండోసారి పాతిపెట్టారు. వాళ్ళని దేవుడు క్షమిస్తే అది ఆయన ఇష్టం.

ఒక మాట మీకే చెప్తున్నాను. బొజెనా ఏ లారీ కదిలే ముందైనా కుప్ప ఎక్కి, చేత్తో కెలికి చూసేది. ఆమె పోయాక ఆ పని నేను చేస్తున్నాను. తొమ్మిదో తారీకున చేయలేదు. సమాధి దగ్గర ఉన్నాను.

లెషెక్


జలెస్నో
15 డిసెంబరు 2025

వదినగారికి,

ఈ ఉదయం తెయోఫీలా పెద్దమ్మ ఆఫీసుకి వచ్చింది. కొత్త కోటు వేసుకుని.

"నాయనా, కానుక అందిందా?"

"ఏం కానుక పెద్దమ్మా?"

"అదేనయ్యా, గాజు! పద్నాలుగు మందిమి, వారం రోజులు. నా నడుం ఇంకా నిలబడట్లేదు. చర్చి వెనక డబ్బా నిండిపోతే మిల్లు రోడ్డుకి తోసుకెళ్ళాం, అదీ నిండితే బడి దగ్గరికి. ఒక్క దీపం గుంటకి పోనిచ్చామా? ఊహూఁ! నోవిత్స్కీ వాళ్ళవి ఇరవై ఆరూ నేనే స్వయంగా వేశాను."

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు, నీ వదిన!" అని సంచీలోంచి ఉత్తరం తీసింది. చదవమంది. మీ చేతిరాతే. 'దీపాల గాజంతా గాజు కుప్పలో ఉంటే షెడ్డుకి భయమే లేదని లెషెక్ స్వయంగా రాశాడు. అతనికి అడిగే నోరు లేదు. మీరు చేసిపెట్టండి, పెద్దమ్మా, బొజెంకా పేరున.'

నేను అన్నాను: "బాగా చేశారు పెద్దమ్మా." ఆవిడ నా నుదుటి మీద శిలువ గుర్తు వేసి వెళ్ళింది.

మీ కానుక అందింది, వదినగారూ. బరువు ఇరవై రెండు టన్నులు. దాని కింద ఎనిమిది మంది ఉన్నారు.

లోకాన్ని వదిలి గోడ వెనక కూర్చున్నవాళ్ళు దాన్ని అలాగే వదిలేయాలి. అక్కడి నుంచి చెయ్యి చాపి దిద్దకూడదు. అడగాల్సింది నన్ను. ఒక్క వాక్యం. 'లెషెక్, దీపాలు గాజు డబ్బాలో వేయవచ్చా?' అంతే. అద్భుతం కావాలనుకున్నారు.

లెషెక్


జలెస్నో
18 డిసెంబరు 2025

వదినగారికి,

మదర్ మీకు నా ఉత్తరాలన్నీ ఒక్కసారే ఇస్తారు. దయచేసి ముందు ఇది చదవండి. పన్నెండో తారీకుది, పదిహేనో తారీకుది తెరవకుండా పొయ్యిలో వేయండి. మదర్‌కి ఫోన్ చేశాను. తలుపు దగ్గరి సిస్టర్ తీసి, ఆగమన కాలంలో మేం కబుర్లు తీసుకోం అంది. ఎవరైనా చనిపోయారా అని అడిగింది. లేదన్నాను. అయితే క్రిస్మస్ తరవాత చేయండి అంది.

తప్పు నాది. గాజు కుప్పలో ఉండి ఉంటే అని రాసింది నేను. మైనం ఉన్న గాజు పనికిరాదని రాయలేదు. ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన సంగతి లోకానికంతా తెలుసనుకున్నాను. బొజెనా అయితే రాసేది. ఆమె ఏదీ సగం చెప్పదు. కుప్ప ఎక్కి చూడని వాణ్ణి కూడా నేనే.

ఎనిమిది మందీ, నేనూ కలిసి చేత్తో ఏరుతున్నాం. బెల్టు ఆపేశాం. ఒక్కో దీపం తీసి పక్కన పెట్టడం, ఒక్కో సీసా కడగడం. చలికి వేళ్ళు వంగట్లేదు. గెనియా పాటలు పాడుతోంది, అన్నీ పెళ్ళి పాటలే. ఇరవై తొమ్మిదిన చిన్న లారీ ఒకటి తీసుకుంటామని కర్మాగారం వాళ్ళు ఒప్పుకున్నారు. అప్పటికి ఎంత శుభ్రమైతే అంత.

ఎవరు చేశారో వీళ్ళకి చెప్పలేదు. చెప్పను.

లెషెక్


మఠం
27 డిసెంబరు 2025

మరిది లెషెక్‌కి,

అప్పం విరిచాక మదర్ నీ ఉత్తరాలు నాలుగూ దారంతో కట్టి ఇచ్చారు. తారీకుల వరసలో. ఇక్కడ అన్నీ వరసలోనే. చివరిది ముందు చదవమన్నావు. చివరిది చదివితే కదా ఆ మాట తెలిసేది.

అన్నీ చదివాను. మొదటిది చదివి రేగు పండ్ల జామ్ దగ్గర నవ్వుకున్నాను కూడా. రెండోది చదువుతూ, ఎవరో పాపం బుద్ధిలేని వాళ్ళు, వాళ్ళ కోసం ప్రార్థించాలి అనుకున్నాను. మిణుకుమనే దీపాల దగ్గరికి వచ్చేసరికి అది నా కానుకేనని అర్థమైంది. మూడోదానికి ఇంక ఏమీ మిగల్లేదు.

నువ్వు రాసింది నిజం. నేను అడగలేదు. అడిగితే అది నీ పని అవుతుంది, అడక్కపోతే నా కానుక అవుతుంది. నాది అనేది ఒక చెంచా కూడా లేదని నీకు గొప్పగా రాశానే, ఆ గొప్ప కోసమే చేశాను. ఊళ్ళో ఉన్నదాన్ని నేను కాదు కాబట్టి చెయ్యి చాపితే ఎవరికి తగులుతుందో కనపడలేదు.

గెనియాకీ మిగతావాళ్ళకీ నేనేం ఇవ్వగలను? నా దగ్గర ఉన్నది నెలకో ఉత్తరం. అది మానేస్తున్నాను. ఎనిమిది మందికి ఎనిమిదేళ్ళు. రాయను, వచ్చినవి తెరవను. ఈ శిక్ష ఎవరూ వేయలేదు. మదర్ వద్దన్నారు, రెండు రోజులు బతిమాలాను. వచ్చినవి ఆవిడ సొరుగులో ఉంచుతారు. గడువు తీరాక వరసలోనే ఇస్తారు.

తెయోఫీలా పెద్దమ్మకి చెప్పకపోవడం మంచి పని. ఆవిడ నిద్ర పోనీ.

ఇరవై తొమ్మిదో తారీకు లారీ సంగతి నాకు తెలియదు. తెలియకుండా ఉండటం కూడా అందులో భాగమే అనుకుంటాను.

నీ వదిన,
లుద్మీలా


జలెస్నో
9 నవంబరు 2026

వదినగారికి,

ఇది మీరు 2033 క్రిస్మస్ తరవాత చదువుతారు. అప్పటికి నాకు డెబ్బై. ఇద్దరం ఉంటే.

లారీ సంగతి. తొమ్మిది టన్నులు తీసుకున్నారు. 54.9. ఒక శాతంలో పదో వంతు తక్కువ. చట్టంలో సుమారుగా అనే మాట లేదు. నేను మేయర్‌ని బతిమాలాను. ఆయన కిటికీలోంచి చూస్తూ "ఇంకో మూడు టన్నుల సీసాలు నేనైనా తాగి ఉండాల్సింది" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. మార్చి ఒకటిన షెడ్డుకి తాళం వేశారు. తాళం నాకే ఇచ్చి వేయమన్నారు.

గెనియా సూపర్ మార్కెట్లో సీసాలు వెనక్కి తీసుకునే యంత్రం దగ్గర నిలబడుతుంది. యంత్రం మింగనివి చేత్తో తీసుకోవడం ఆమె పని. "మీగడ దగ్గరికే వచ్చాను ఇంజనీరు గారూ" అంది. ఇద్దరు జర్మనీ వెళ్ళారు, తోటల్లో పనికి. మిగతా అయిదుగురూ ఇళ్ళ దగ్గర ఉన్నారు.

ఇప్పుడు నగరం కంపెనీ లారీలు వస్తాయి. వాళ్ళ లెక్కలో మా ఊరు చట్టం అడిగినంతా అందుకుంటోందట. ఎలా అని అడిగాను. కాగితం చూపించారు. సరుకు చూపించలేదు. నేను జులైలో పదవీ విరమణ తీసుకున్నాను.

మీరు దాన్ని ప్రాయశ్చిత్తం అన్నారు. నాకు శిక్షలా అందింది. గెనియా వాళ్ళకి మీ ఎనిమిదేళ్ళ సంగతి తెలియదు. తెలిసినా వాళ్ళకి ఒరిగేది లేదు. నాకు బొజెనా గురించి రాసేవాళ్ళు మీరు తప్ప ఇంకొకరు లేరు. ఆ ఉత్తరాలు మానేస్తే నష్టపోయింది నేనొక్కణ్ణే. ఇది నిందగా రాయడం లేదు. మీరు దేన్నైనా చివరికే తెలుసుకుంటారు కాబట్టి రాస్తున్నాను.

తెయోఫీలా పెద్దమ్మ ఆగస్టులో పోయింది. కానుక ఇచ్చానన్న సంతోషంతోనే పోయింది.

శ్మశానం గేటుకి నా కాగితం ఇంకా ఉంది. వానకి సిరా కారి, సంతకం పోయింది. ఒక సమాధికి ఒకే దీపం. ఒకటో తారీకున దాని పక్కనుంచే లోపలికి వెళ్ళాను. రెండు పెట్టాను. రెండూ ఎర్రవి. ఎడమ వైపుది మీది.

ఈసారి అయిదు రోజులు వెలిగాయి. ఆరిపోయాక రెండింటినీ ఇంటికి తెచ్చాను. వేడినీళ్ళలో మైనం కరిగించి, రేకు మూతలు తీసేసి, కడిగి తుడిచాను. ఇప్పుడది శుభ్రమైన గాజు. ఆకుపచ్చ డబ్బాలో వేయవచ్చు.

వేయలేదు. వంటింటి కిటికీలో ఉన్నాయి.

లెషెక్